మిషను కుట్టేవాళ్ల మెడనొప్పి, రెక్కల మధ్య నొప్పి: కాలర్ వేసుకోవాలా, దిండు మానెయ్యాలా?

కనిగిరి జాకెట్లు

వయసు 41. ఇంట్లోనే మిషను, మోటారు పెట్టిందే. రోజుకి 8 నుంచి 10 గంటల పని. జాకెట్లు, ఫాల్సు, పిల్లల గౌన్లు. ఏడాదిగా మెడ వెనక, కుడి భుజం మీద, రెండు రెక్కల (వీపు మీది భుజపు ఎముకల) మధ్య నొప్పి ఉంటా ఉంది. పొద్దున లేచేసరికి పట్టేసి ఉంటుంది. కాస్త తిరిగితే సర్దుకుంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక మంటగా లాగడం మొదలవుతుంది. ఎక్స్‌రే తీస్తే మెడ ఎముకల్లో అరుగుదల అని రాశారు. ఒకరు కాలర్ వేసుకోమంటారు, ఒకరు దిండే వద్దంటారు. నొప్పి బిళ్ల వేసుకుంటే ఆ పూటకి తగ్గుతుంది, మళ్లీ మామూలే.

పని మానే పరిస్థితి లేదు. కూర్చునే తీరులో ఏం మార్చాలి, ఏ వ్యాయామం ఎన్ని సార్లు చెయ్యాలి, ఎప్పుడు పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలి? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

ఒంగోలు ఫిజియో

ముందు ఎక్స్‌రే గురించి. నలభై దాటిన చాలామందికి, నొప్పి అసలు లేనివాళ్లకి కూడా, మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనపడుతుంది. తల నెరిసినట్టే అదీను. ఆ మాట చూసి భయపడి మెడ కదపడం మానేస్తే నొప్పి ఇంకా బిగుస్తుంది. మీరు చెప్పిన తీరు, అంటే కదిలితే సర్దుకోవడం, సాయంత్రానికి పెరగడం, చాలావరకు కండరాల అలసటే.

తల బరువు దాదాపు 5 కిలోలు. నిటారుగా ఉంటే ఆ బరువు ఎముకల మీద కూర్చుంటుంది. సూది వైపు వంగితే మెడ వెనక కండరాలు దాన్ని పట్టుకుని వేలాడాలి. ఎంత వంగితే అంత భారం, అదీ గంటల తరబడి. అందుకే మందు రాసినా, సూది వేయించుకున్నా మర్నాడు మళ్లీ వస్తుంది.

కాలర్ వెయ్యబాకండి. దెబ్బ తగిలినప్పుడో, నరం బాగా నొక్కుకున్నప్పుడో డాక్టరు చెప్పిన నాలుగు రోజులు వేరు. నెలల తరబడి వేస్తే మెడ కండరాలు పని మరిచిపోయి బలహీనపడతాయి.

దిండు మానెయ్యడం కూడా తప్పే. వెల్లకిలా పడుకుంటే తల కింద రెండున్నర, మూడు అంగుళాలు చాలు. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి చెవికీ భుజం కొసకీ మధ్య ఖాళీ ఎంతుందో అంత మందం కావాలి, సాధారణంగా నాలుగైదు అంగుళాలు. తల వేశాక నొక్కుకుపోయి మిగిలిన మందాన్నే లెక్క పెట్టాలి. పాత దూది దిండ్లు గడ్డకట్టి ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం అవుతాయి. అట్లాంటిది ఉంటే విప్పి ఏకించి కుట్టించండి, లేదా దుప్పటి మడిచి గలీబులో పెట్టుకోండి. బోర్లా పడుకునే అలవాటు మాత్రం మానాలి. రాత్రంతా మెడ ఒక పక్కకి మెలితిరిగి ఉంటుంది.

ఇక వ్యాయామాలు. గోడకి వీపు ఆనించి కూర్చోండి. చూపు ఎదురుగా. గడ్డం మీద రెండు వేళ్లు పెట్టి, గడ్డాన్ని నేరుగా వెనక్కి జరపండి, జంట గడ్డం పడేటట్టు. 5 సెకన్లు ఆపి వదలండి. 10 సార్లు, రోజుకి మూడు పూటలా. నూటికి తొంభై మంది ఇక్కడే తప్పు చేస్తారు: గడ్డాన్ని కిందికి దించుతారు. అది మిషను మీద వంగే వంపే, దాన్నే మళ్లీ చేసినట్టు. గడ్డం కదలాల్సింది సొరుగు మూసినట్టు వెనక్కి, కిందికి కాదు.

రెండోది రెక్కలకి. పాత సైకిల్ ట్యూబుని పొడుగ్గా చీల్చి కిటికీ ఊచకి రొమ్ము ఎత్తులో కట్టండి. రెండు చివరలూ పట్టుకుని మోచేతులు పక్కటెముకలకి రాసుకుంటా వెనక్కి లాగండి. రెక్కలు రెండూ ఒకదానికొకటి దగ్గరవ్వాలి. 2 సెకన్లు ఆపి నిదానంగా వదలండి. 10 చొప్పున మూడు దఫాలు, రోజు విడిచి రోజు. భుజాలు చెవుల వైపు లేస్తున్నాయంటే ట్యూబు మరీ బిగువుగా ఉందని అర్థం, సన్నగా చీల్చుకోండి.

రొమ్ము ముందు కండరాలు బిగుసుకుపోయి భుజాల్ని ముందుకు లాగుతుంటాయి. దానికి తలుపు చట్రంలో నిలబడి, మోచేతులు భుజాల ఎత్తులో చట్రానికి ఆనించి, ఒక అడుగు ముందుకు వెయ్యండి. 30 సెకన్లు, మూడుసార్లు. మీ కుడి భుజం మీది లాగుడుకి: కుర్చీలో కూర్చుని కుడి చేత్తో కుర్చీ అడుగు పట్టుకోండి. ముఖం సగం ఎడమకి తిప్పి ఎడమ చంక వైపు చూడండి. ఎడమ చెయ్యి తల మీద ఊరికే పెట్టండి, దాని బరువే చాలు, గుంజబాకండి. 20 నుంచి 30 సెకన్లు, రెండు మూడు సార్లు. తర్వాత రెండో వైపు.

రెక్కల మధ్య బిగుతుకి రాత్రి పడుకునే ముందు తువ్వాలు గట్టిగా చుట్టి మూడంగుళాల లావు చేయండి. చాప మీద దాన్ని అడ్డంగా, రెక్కల కిందికి వచ్చేట్టు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. చేతులు తల వెనక. ఐదు నిదానమైన ఊపిరులు తీసుకుని ఒక అంగుళం పైకి జరపండి. మూడు చోట్ల చాలు. మెడ కిందా నడుం కిందా పెట్టకూడదు. ఎముకలు గుల్లబారాయని చెప్పినవాళ్లు ఇది అసలు చెయ్యకూడదు.

నొప్పికి 0 నుంచి 10 లెక్క పెట్టుకోండి. చేసేటప్పుడు 3, 4 దాకా వచ్చి మర్నాటి పొద్దుటికి మామూలుకి వస్తే పర్వాలేదు. రాకపోతే సంఖ్య సగం చేయండి. తేడా గట్టిగా తెలిసేది ఆరు నుంచి ఎనిమిది వారాలకి. పది రోజులు చేసి లాభం లేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. కాపడం పెట్టుకోవచ్చు: వేడినీళ్ల సంచికి గుడ్డ చుట్టి 15, 20 నిమిషాలు. షుగరు ఉండి తిమ్మిర్లు ఉన్నవాళ్లకి చర్మం కాలినా తెలియదు, వాళ్లు ముందు మోచేతి లోపలి పక్కన వేడి చూసుకోవాలి.

సూదీదారం, కావలి

వ్యాయామం సంగతి ఫిజియో గారు చెప్పారు. బల్ల, కుర్చీ సరిచెయ్యకపోతే ఆ అరగంట కష్టాన్ని పది గంటల పని తినేస్తుంది. టేపు తీసుకుని ఈ కొలతలు చూడక్కా.

మామూలు మిషను బల్ల నేల నుంచి 29, 30 అంగుళాలుంటుంది. కుర్చీలో కూర్చుని చేతులు వేలాడేసి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతికి ఎంతుందో కొలవండి. బల్ల దానికి సమానంగా, లేదంటే రెండంగుళాలు పైకి ఉండాలి. మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే చాలామందికి మోచెయ్యి 24, 25 దగ్గరే ఉంటుంది. అంటే బల్ల ఐదంగుళాలు ఎత్తు. గుడ్డ తొయ్యాలంటే భుజాలు పైకి ఎత్తి పట్టుకోవాలి, రోజంతా. మీ కుడి భుజం మీది నొప్పికి నాకు మొదటి అనుమానం ఇదే. కూర్చునే ఎత్తు పెంచండి. చెక్క స్టూలు చేయించుకోవడం మేలు. అప్పటిదాకా రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, పైన బొంత మడిచి వేసుకుని మళ్లీ కొలవండి. నురగ మెత్త పనికిరాదు, నెలలో కుంగిపోతుంది. గుంట లేని బల్ల మీద మిషను పెట్టుకుని కుట్టేవాళ్లకి మిషను అడుగు ఎత్తు కూడా కలుస్తుంది, దాన్నీ లెక్కెయ్యాలి.

అయితే మరీ ఎత్తు చేసినా తప్పే. బల్ల మోచేతికన్నా కిందికి పోతే సూది దూరమై మెడ వంగుతుంది.

రొమ్ము మధ్య గీత సూదికి ఎదురుగా ఉండాలి. బల్ల మధ్యలో కూర్చుంటే సూది ఎడమకి పడుతుంది, ఒళ్లు మెలిపడుతుంది. కుర్చీని ఎడమకి జరపండి, పెడల్ని కూడా దాంతోపాటే జరపండి. కడుపుకీ బల్ల అంచుకీ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ చాలు. మోటారు పెడల్ గచ్చు మీద జారిపోతా ఉంటుంది. కాలు దాని వెనకాలే పోయి, నడుం కుర్చీ అంచుకి జారి, వీపు గూనవుతుంది. పెడల్ కింద రబ్బరు పట్టా వేయండి.

వంగడానికి అసలు కారణం చాలామందికి చూపు. నలభై దాటాక దగ్గర చూపు తగ్గుతుంది, నల్ల గుడ్డ మీద నల్ల దారం కనపడక ముఖం సూది దగ్గరికి పోతుంది. కళ్లజోడు చేయించుకునేటప్పుడు నిటారుగా కూర్చుని కంటికీ సూదికీ ఉన్న దూరం టేపుతో కొలిచి ఆ అంకె చెప్పండి. పేపరు చదివే దూరానికి ఇచ్చిన అద్దాలతో కుడితే మళ్లీ వంగాల్సి వస్తుంది. మెడ వంచుకునే ఎల్‌ఈడీ దీపం ఒకటి సూదికి ఎడమ పక్క పెట్టండి, కుడి చెయ్యి నీడ పడదు.

చేతిపనిలో ఇంకా ఎక్కువ వంగుతారు. హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ ఒళ్లో పెట్టుకుని కుడితే గడ్డం రొమ్ముకి ఆనుతుంది. ఒళ్లో రెండు దిండ్లు వేసి పనిని రొమ్ము ఎత్తుకి తెచ్చుకోండి, పాదాల కింద పీట. పది జాకెట్ల హుక్కులు పోగేసి రాత్రి ఒకేసారి కూర్చోబాకండి. కటింగ్ నేల మీద వద్దు, వంటగట్టు ఎత్తు బల్ల మీద నిలబడి చేయండి.

విరామానికి గడియారం చూసుకోవడం కుదరదు. బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా లేవండి. గడ్డం వెనక్కి జరిపేది ఐదుసార్లు చేసి, నాలుగడుగులు నడిచి, అప్పుడు బాబిన్ చుట్టుకోండి.

బోరునీళ్లు

కనిగిరి అన్నారు కాబట్టి ఇది అడక్కుండా వదలకూడదు. తాగేదీ వండేదీ ఏ నీళ్లు?

మన దేశంలో ఫ్లోరోసిస్‌ని (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడిపోయే జబ్బుని) మొదట గుర్తించి రాసింది 1937లో, అదీ ఈ ప్రాంతంలోనే. అప్పుడిది మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా (ఆ తర్వాత ప్రకాశం) ఏర్పడ్డాక కనిగిరి, పొదిలి, దర్శి అందులోకి వచ్చాయి, నీళ్లు మాత్రం అవే. ఎముకల్లో ఫ్లోరైడ్ చేరితే మెడ, వెన్ను, నడుం బిగుసుకుపోతాయి. మొదట్లో అది మామూలు మెడనొప్పిలాగే ఉంటుంది, అందుకే ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలతో గడిచిపోతుంది.

ఇంట్లోనే మూడు చూసుకోండి. గడ్డం రొమ్ముకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక్కి పెట్టగలరా? మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుతాయా? నొప్పి వల్ల కాకుండా బిగుసుకుపోయి ఆగిపోతే, ఇంట్లో మిగతావాళ్లకీ అట్లాగే ఉంటే, పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార చారలుంటే అనుమానించాలి. డాక్టరుని ముంజేతి ఎక్స్‌రే కూడా అడగండి. ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడి ఉంటే తెలుస్తుంది.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా హద్దు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో పరీక్ష చేస్తారు, సీసాలో పట్టుకెళ్లండి. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు, దాని అంకె చూసి నమ్మబాకండి. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు: తాగడానికి క్యాను నీళ్లు తెచ్చుకుంటారు, అన్నం, పప్పు, టీ మాత్రం బోరు నీళ్లతోనే. అన్నం ఆ నీళ్లన్నీ పీల్చుకుంటుంది. వంటకి కూడా క్యాను నీళ్లే వాడాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ బాగా తినండి. డికాషన్, నల్ల ఉప్పు, వక్క తగ్గించండి.

మందుల షాపు, పొదిలి

రెండు మాటలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. బీపీ ఉన్నవాళ్లకి, ఎండలో నీళ్లు తక్కువ తాగేవాళ్లకి ఇంకా చేటు. డాక్టరు ఐదు రోజులు రాస్తే ఐదు రోజులే, ఆ చీటీతో ఏడాదంతా కొనబాకండి. డైక్లోఫెనాక్ జెల్ రాసుకుంటే ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. రాశాక దాని మీద కాపడం పెట్టకూడదు. విటమిన్ డి 60,000 యూనిట్ల బిళ్ల వారానికి ఒకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. రక్తపరీక్ష లేకుండా, రోజుకొకటి చొప్పున వేసుకుని వాంతులతో వచ్చేవాళ్లున్నారు.

రెండోది, క్షౌరశాలల్లో మెడ పటపటా విరిపించుకోవడం. మెదడుకి రక్తం తీసుకుపోయే నాళాలు మెడ ఎముకల రంధ్రాల గుండా పోతాయి. ఆ ఒక్క విసురుకి నాళం లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. ఇంట్లో మగవాళ్లకి కూడా చెప్పండి.

కనిగిరి జాకెట్లు

అందరికీ దండాలు. గడ్డం రొమ్ముకి ఆనుతుంది, చేతులు తల వెనక్కి పోతాయి, కాలివేళ్లు అందుతాయి. వంటకి బోరు నీళ్లే వాడతున్నాం, ఈ వారమే సీసా పంపిస్తా. కొలిస్తే మోచెయ్యి 24న్నర, బల్ల 30. ఒకటి రాయడం మరిచిపోయా: కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతాయి. ఇది మెడ వల్లేనా?

ఒంగోలు ఫిజియో

ఐదున్నర అంగుళాల తేడా అంటే చాలా ఎక్కువ. ముందు కుర్చీ ఎత్తు పెంచండి.

తిమ్మిరి రెండు చోట్ల నుంచి రావచ్చు. తల వెనక్కి వాల్చి కుడికి తిప్పినప్పుడు భుజం మీదుగా చేతిలోకి జివ్వుమని లాగితే మెడ దగ్గర నరం. అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గితే మణికట్టు దగ్గర నరం. కత్తెర పట్టేవాళ్లకి ఈ రెండోది మామూలు. రాత్రి పూట మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ ఆరు వారాలు కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది.

ఆగకుండా ఆసుపత్రికి పోవాల్సినవి ఇవి: చేతిలో పట్టు తగ్గి వస్తువులు జారిపోవడం, హుక్కు పెట్టుకోవడానికి వేళ్లు తడబడటం, నడకలో తూలడం, ఒంటేలు మీద అదుపు పోవడం. పడిన తర్వాత మొదలైన నొప్పి కూడా అంతే. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి కలిసి ఉంటే వెన్నెముక క్షయ ఉందేమో చూడాలి. రెక్కల మధ్య ఒక్కసారిగా నొప్పి, చెమటలు, ఆయాసం, దవడలోకి లాగుడు ఉంటే అది మెడ కాదు, గుండె కావచ్చు. 108కి ఫోన్ చేయండి.

మీకు పట్టు బాగానే ఉంటే ఆరు వారాలు ఇవన్నీ చేసి చూడండి. తిమ్మిరి విడవకుండా ఉండిపోతే అంతదాకా ఆగకుండా ఒంగోలు పెద్దాసుపత్రిలో ఎముకల ఓపీలో చూపించుకోండి, ఎక్స్‌రే, వాడిన మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి.

సూదీదారం, కావలి

తిమ్మిరి అన్నావు కదక్కా, కత్తెర సాన పట్టించి ఎన్నాళ్లయింది? మొద్దు కత్తెరకి బొటనవేలు రెట్టింపు నొక్కాలి. నాలుగు మడతల లైనింగ్ గుడ్డ చివరిదాకా ఒక్క నొక్కుకి తెగకుండా కొసలో నమిలితే సాన పోయినట్టే. నట్టు మరీ బిగిసి ఉన్నా అంతే. నిలువుగా పట్టుకుని ఒక పిడి వదిలితే సగందాకా తనంతట తను మూసుకోవాలి. కాయితాలకి వేరే కత్తెర పెట్టుకో.