చీటీ డబ్బు ఎగ్గొట్టినాయన బల్లకు రావచ్చా?

పలాస_జీడి: అందరికీ వందనాలు. మా చర్చి సంఘపెద్ద ఒకాయన చీటీలు కట్టించుకొని మూడేళ్ల కిందట రాత్రికి రాత్రి ఊరొదిలేశాడు. మొన్న ఆదివారం వచ్చి "ప్రభువు నన్ను క్షమించాడు" అని సాక్ష్యం చెప్పాడు. పాస్టరయ్యగారు ఆ పూటే ఆయనకు బల్ల, అదే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చేశారు. నాను లేచి బయటకొచ్చేశాను. ఇప్పుడు అందరూ నాకే మత్తయి 7:1, "తీర్పు తీర్చకుడి" చదివి వినిపిస్తన్నారు. నాది తప్పా?

సాలూరు_సాక్షి: తప్పే సిస్టర్. దేవుడు కొట్టేసిన లెక్క తిరగదోడ్డానికి మనమెవరం? మత్తయి 18 చూడండి. పదివేల తలాంతులు, అంటే ఎన్నటికీ తీర్చలేనంత అప్పు, మాఫీ అయినవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. దేనారమంటే ఒకరోజు కూలి. పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగితే డెబ్బది ఏళ్ల మారులన్నాడు ప్రభువు.

రాజాం_కుర్రోడు: డెబ్బై ఏళ్లా! అక్క బతికుండాలి కదా అన్నా.

బొబ్బిలి_మాస్టారు: బాబూ, అక్కడ ఏళ్లంటే సంవత్సరాలు కాదు. ఏడు అనే అంకె. డెబ్బై ఏడులు, 490.

సాలూరు_సాక్షి: లెక్కపెట్టొద్దనే కదండీ దాని అర్థం.

బొబ్బిలి_మాస్టారు: నేను మాటకు అర్థం చెప్పాను, అంతే.

పలాస_జీడి: నూరు రోజుల కూలా? నాది లక్షా ఇరవై వేలు. జీడిపిక్కలు కొట్టి కట్టాను. పిక్కల చమురుకి వేళ్లు నల్లబడి తోలు లేచిపోతే కొబ్బరినూనె రాసుకొని మళ్లీ కూర్చునేదాన్ని. మీరు చెప్పిన కథలో అప్పున్నోడు కాళ్లమీద పడి "ఓర్చుకో, ఇచ్చేస్తాను" అంటాడు. ఈయన ఆ మాటైనా అన్లేదు. నా మొహం కూడా చూళ్లేదు.

నాగావళి_గట్టు: సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ తర్వాతే "ఈ యింటికి రక్షణ" అన్న మాట వచ్చింది. మత్తయి 5:24 అయితే అర్పణ అక్కడే వదిలి ముందు సహోదరుడి దగ్గరకెళ్లమంది.

సాలూరు_సాక్షి: అంటే క్రియల వల్ల రక్షణా? సిలువమీద దొంగకు పరదైసు దొరికింది కదా, వాడెవరికి తిరిగిచ్చాడు?

పలాస_జీడి: ఆ దొంగ చేతులు సిలువమీదున్నాయి బ్రదర్. ఈయన చేతులు కొత్త బండి మీదున్నాయి.

సాలూరు_సాక్షి: అదీ సంగతి. మీ బాధ డబ్బు గురించే. దానికి వాక్యం అడ్డు పెట్టకండి.

పలాస_జీడి: డబ్బేనా? అయితే వినండి. ఐదేళ్ల కిందట మా అమ్మాయి హిందువులబ్బాయిని చేసుకుంటే, ఈ పెద్దే లేచి 1 కొరింథీ 5 చదివాడు. పులిసిన పిండి కొంచెమున్నా ముద్దంతా పులుస్తాదని చెప్పి దాన్ని బల్ల నుంచి ఆపించాడు. ఆరోజు మత్తయి 7:1 ఒక్కరికీ గుర్తు రాలేదేటి? అదిప్పటికీ క్రిస్మస్‌కొస్తే గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంటాది. రొట్టె పళ్లెం కదిలిందంటే పిల్లాణ్ణెత్తుకొని బయటకెల్లిపోద్ది.

సాలూరు_సాక్షి: అవిశ్వాసితో జోడు వేరు విషయం. అది ఇంకా నడుస్తున్న పాపం.

నాగావళి_గట్టు: అప్పు తీరిపోయిందా మరి?

బొబ్బిలి_మాస్టారు: ఇందాకటి మాటకు చిన్న సవరణ. డెబ్బై ఏడుసార్లు అని తర్జుమా చేసేవాళ్లూ ఉన్నారు. ఆదికాండము 4:24లో కయీను వంశంవాడు లెమెకు పగ గురించి కూడా డెబ్బై ఏడంతలనే ఉంది.

రాజాం_కుర్రోడు: మాస్టారూ, ఇప్పుడా?

పలాస_జీడి: వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ బల్ల ఉంది. నాను బయటకు రాను. దాన్ని పిల్లాడితో సహా ముందు వరసలో నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఆపాలంటే ఆ పెద్దనే లేచి ఆపమనండి.