పాత కారు ఇంజిన్ వైరింగ్ హార్నెస్‌ను యజమాని సొంతంగా మార్చుకోవచ్చా?

పాతజెన్ (హైదరాబాద్):

మా 2003 నాటి మారుతి జెన్ నిరుడు వానాకాలంలో మూడు వారాల పాటు అపార్ట్‌మెంటు సెల్లారులో కదలకుండా ఉండిపోయింది. ఊరి నుంచి తిరిగివచ్చి బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన ఎండుగడ్డి, కొరికి పారేసిన టేపు ముక్కలు, ఇంజిన్ వెనక వైపు రాగి పోగులు బయటపడిన తీగలు కనిపించాయి. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్ళే పాయ ఒక్కటే కొంత మిగిలింది; తక్కిన హార్నెస్‌ను, అంటే ఇంజిన్ తీగల కట్టను, ఎలుకలు చాలాచోట్ల కొరికేశాయి. చూపించిన ఇద్దరు ఎలక్ట్రీషియన్లలో ఒకరు తెగినచోటల్లా అతికిస్తే చాలన్నారు. రెండోవారు ఈ మోడల్‌కు కొత్త హార్నెస్ దొరకదు కాబట్టి బండిని తుక్కుకు ఇచ్చేయమన్నారు. రెండు సలహాలూ నాకు రుచించలేదు. పాత బండ్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేటలో ఇదే మోడల్ బండి నుంచి విప్పిన హార్నెస్‌ను కొనుక్కొచ్చి, ఉద్యోగం నుంచి వచ్చాక సాయంత్రాలు కూర్చుని, తొమ్మిది రోజుల్లో నేనే మార్చుకున్నాను. ఎనిమిది నెలలుగా బండి తిరుగుతోంది.

ఈ పనికి చేతి నైపుణ్యం కన్నా ఓపిక ఎక్కువ కావాలని నా అభిప్రాయం. ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాను. తర్వాత తీగల కొసలను సెన్సర్లకూ ఇంజెక్టర్లకూ తగిలించే ప్రతి కప్లర్‌కూ కాగితపు టేపు చుట్టి, దాని మీద అంకె రాసి, ఫోటో తీసి, ఆ తర్వాతే ఊడదీశాను. పాత హార్నెస్ బయటికి వచ్చాక దాన్ని డాబా మీద ప్లైవుడ్ పలకపై పరిచి, ప్రతి పాయ చీలేచోట రెండేసి మేకులు కొట్టి, ఆ మేకుల మధ్యే రెండో హార్నెస్‌ను పరుచుకుంటూ పొడవులు సరిచూసుకున్నాను. పుదుపేట హార్నెస్‌లో ఇంజెక్టర్ పాయ పొట్టిగా కోసేసి ఉండటంతో, ఆ పాయను మాత్రం మా పాతదాని నుంచి తీసి అతికించాను. ఆక్సిజన్ సెన్సర్ తీగ కూడా ఒక జానెడు చాలకపోతే ఇంట్లో ఉన్న తీగతో పొడిగించాను.

తయారీదారు కప్లర్ల ఆకారాలను వేరువేరుగా పెట్టడం వల్ల ఒకదాని బదులు మరొకటి తగిలించే ప్రమాదం చాలావరకు ముందే తప్పిపోతుంది. రెండు కప్లర్లు ఒకేలా ఉన్నచోట కూడా తప్పుచోటికి తీగ పొడవు సాధారణంగా చాలదు. అలాంటప్పుడు యజమాని చేయకూడని పనిగా దీన్ని ఎందుకు చూస్తున్నారో చెప్పవలసిందిగా ఇక్కడి పెద్దలను కోరుతున్నాను.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ (విజయవాడ):

మీ ఓపికను తప్పుపట్టను. మేకుల పలక ఆలోచన నిజంగా బాగుంది. కానీ బండి తిరుగుతోందన్న మాట హార్నెస్ బాగుందనడానికి రుజువు కాదు. సొంతంగా మొదలుపెట్టి, సగంలో చేతులెత్తేసి, హార్నెస్‌ను గోనెసంచిలో వేసుకుని లారీ మీద బండిని మా దగ్గరికి తెచ్చేవాళ్ళతో నాకు ఇబ్బంది లేదు, ఎందుకంటే వాళ్ళ బండి అసలు స్టార్ట్ కాదు. బండి స్టార్ట్ అయి, బాగానే ఉందనుకుంటూ హైవే ఎక్కేవాళ్ళ గురించే నా భయం.

ఒక ఉదాహరణ చెబుతాను. థ్రాటిల్ సెన్సర్‌కూ, మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్‌కూ ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) నుంచి వెళ్ళే 5 వోల్టుల సరఫరా సాధారణంగా ఒక్కటే. ఆ రెండు సరఫరా తీగల్లో దేని ఇన్సులేషన్ ఒరుసుకుపోయి బాడీకి తగిలినా రెండు సెన్సర్లూ ఒకేసారి గుడ్డివైపోతాయి. ఆ తగలడం కూడా అన్నివేళలా జరగదు. ఇంజిన్ వేడెక్కి, గుంతలో పడి, ఎడమవైపు ఊగినప్పుడు ఒక్క క్షణం జరుగుతుంది. బండి ఆగిపోతుంది, మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్లు స్టార్ట్ అవుతుంది. ఇలాంటి లోపం పట్టుకోవడానికి నాకే రెండు రోజులు పట్టిన సందర్భాలున్నాయి.

మీరు అతికించిన జాయింట్లను దేనితో పరీక్షించారు? తీగ తెగలేదని చెప్పే మల్టీమీటర్ బీప్ విని వదిలేశారా? చాలా మీటర్లలో ఆ బీప్ 30 నుంచి 50 ఓమ్‌ల దాకా మోగుతూనే ఉంటుంది. ఇలాంటి బండ్లలో ఇంజెక్టర్ కాయిల్ నిరోధమే 12 నుంచి 16 ఓమ్‌లు ఉంటుంది. అంటే బీప్ శుభ్రంగా మోగే జాయింటులోనే ఇంజెక్టర్‌ను పస్తు పెట్టేంత లోపం దాగి ఉండవచ్చు.

తీగల ఫ్యాక్టరీ (పుణె):

హార్నెస్‌లు తయారుచేసే కర్మాగారంలో చాలాకాలం పనిచేసినవాడిగా రెండు విషయాలు అడుగుతాను. ఆక్సిజన్ సెన్సర్‌కు పొడిగించిన “ఇంట్లో ఉన్న తీగ” ఏది? గోడల్లో వేసే మామూలు పీవీసీ తీగ అయితే దాని ఇన్సులేషన్ 70 డిగ్రీల వరకే తట్టుకునేలా చేస్తారు. ఇంజిన్ గదిలో వేడి ఎక్కువగా ఉండేచోట్లకు వాడే క్రాస్‌లింక్ పాలిథిన్ తీగ 125 డిగ్రీల వరకు ఆగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉండేది ఎగ్జాస్ట్ దారిలో. అక్కడ పీవీసీ మొదట మెత్తబడుతుంది, కొన్నాళ్ళకు గట్టిపడి పెళుసుబారుతుంది, ఆ తర్వాత వేలితో వంచితేనే పొలుసులుగా రాలిపోతుంది.

రెండోది జాయింటు. సోల్డరింగ్ చేస్తే శాశ్వతమని మనవాళ్ళలో బలమైన నమ్మకం ఉంది. కరిగిన టంకం పోగుల మధ్యకు కొంతదూరం పాకి, అక్కడిదాకా తీగను కడ్డీలా చేస్తుంది. ఆ కడ్డీ ముగిసి మెత్తని తీగ మొదలయ్యేచోట ఇంజిన్ అదురుకు పోగులు ఒక్కొక్కటే విరుగుతాయి. అందుకే కర్మాగారాల్లో టెర్మినళ్ళను సరైన పనిముట్టుతో నొక్కి బిగిస్తారు (క్రింపింగ్). ఇంట్లో సోల్డరింగే గతి అయితే జాయింటుకు ఇరువైపులా ఒకటి రెండు అంగుళాల దాకా, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడిచేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) తొడిగి, ఆ భాగం ఊగకుండా హార్నెస్‌కు కట్టేయాలి. పక్కపక్క తీగల జాయింట్లన్నీ ఒకే వరుసలో రాకూడదు, ఎగుడుదిగుడుగా ఉండాలి. నలుసంత రాగి పోగు స్లీవ్‌లోంచి పొడుచుకొచ్చి పక్క జాయింటుకు తగిలిన కప్లర్ పాయను చేత్తో పట్టుకుని చూశాను కాబట్టి ఇంత నొక్కిచెబుతున్నాను.

పని యజమాని చేశాడా, మెకానిక్ చేశాడా అన్నది నాకు ముఖ్యం కాదు. రోడ్డు పక్కన పళ్ళతో తీగ తోలు తీసి, మెలిపెట్టి, నల్లటేపు చుట్టే ఎలక్ట్రీషియన్లు కూడా మనకు కొదవలేదు.

పాత బెంజి (డల్లాస్):

ఇక్కడ ఇది అంత వింత పని కాదు. 1990ల మొదటి సగంలో వచ్చిన మెర్సిడెస్ బెంజ్ కార్లలో చాలావాటి ఇంజిన్ హార్నెస్ ఇన్సులేషన్ ఏళ్ళ తరబడి వేడికి రాలిపోతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. వాటి యజమానులు కొత్త హార్నెస్ తెప్పించుకుని, తమ గ్యారేజీల్లోనే శని, ఆదివారాల్లో మార్చుకుంటారు. అయితే వాళ్ళ చేతికి వచ్చేది అన్ని కప్లర్లూ బిగించి ఉన్న పూర్తి హార్నెస్, దానితో పాటు సర్క్యూట్ చిత్రాలున్న సర్వీస్ మాన్యువల్. పాతజెన్ గారికి ఆ రెండూ లేవు. అయినా ఎలక్ట్రీషియన్ గారి వాదన అంతా చివరికి “మా దగ్గరికి రండి” అన్నచోట తేలుతున్నట్లు నాకనిపించింది.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:

కూలీ కోసం మాట్లాడుతున్నానని మీరనుకుంటే చెప్పవలసింది ఒకటుంది. ఇరవై ఏళ్ళ బండి హార్నెస్ పని నాకు నష్టమే. రెండు రోజుల శ్రమకు తగ్గ డబ్బు అడిగితే యజమాని బండి ధరతో పోల్చి బేరమాడతాడు. అందుకే మాలో చాలామంది ఈ పనిని వద్దంటారు, లేదా అతుకులతో సరిపెడతారు. హైదరాబాదులో ఆయనకు దొరికిన రెండు సలహాలకూ మూలం అదే. ఆయన సొంతంగా చేయడాన్ని నేను తప్పనలేదు, పరీక్ష లేకుండా ముగించడాన్ని అన్నాను.

పరీక్ష కూడా ఆయనే చేసుకోవచ్చు. బ్యాటరీ విప్పి, ఈసీఎం కప్లర్‌ను పూర్తిగా ఊడదీసి, తీగ రెండో కొసను కూడా సెన్సర్ నుంచో ఇంజెక్టర్ నుంచో విడదీయాలి. ఆ ఒక్క తీగ గుండా, ఫ్యూజు పెట్టిన విడి బ్యాటరీతో, 21 వాట్ల బ్రేక్ లైటు బల్బును వెలిగించి చూడాలి. బల్బు వెలుగుతుండగా జాయింటును వంచాలి, లాగాలి. మంచి తీగ మీద వెలుగు నేరుగా బ్యాటరీకి పెట్టినప్పటిలాగే ఉంటుంది. ఈసీఎం తగిలించి ఉండగా మాత్రం ఈ పని చేయవద్దు, అది కాలిపోతే దొరకదు. పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కప్లర్లున్న బండ్లలో వాటి జోలికి బల్బుతో గానీ మీటర్‌తో గానీ అసలు పోకూడదు.

పాతజెన్:

ఆదివారం ఎలక్ట్రీషియన్ గారు చెప్పినట్లే చేశాను. ఫలితాన్ని ఉన్నదున్నట్లు రాయడం నా బాధ్యత.

ఎనిమిది జాయింట్లలో ఏడింటి మీద బల్బు నిండుగా వెలిగింది. మూడో ఇంజెక్టర్ తీగ మీద మాత్రం పసుపుపచ్చగా, దీపపు వత్తిలా వెలిగింది. జాయింటును కిందికి వంచితే ఇంకా మసకబారింది. అదే తీగకు మల్టీమీటర్ పెడితే బీప్ శుభ్రంగా మోగింది. సరిగ్గా కొలిస్తే 3 ఓమ్‌ల పైచిలుకు వచ్చింది. స్లీవ్ కోసి చూస్తే లోపల రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. ఆ స్లీవ్ జిగురు లేని రకం, నేను చవగ్గా వస్తుందని కొన్నది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఆగినప్పుడు ఇంజిన్ కొద్దిగా వణుకుతుంటే ఇంతకాలం ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు అరిగిందనుకున్నాను. గత నెలలో దాన్ని మార్పించాను కూడా.

ఆక్సిజన్ సెన్సర్ దగ్గరి తీగ విషయంలో పుణె మిత్రుని అనుమానం కూడా నిజమే. అది ఫ్యాను రెగ్యులేటర్‌కు తెచ్చిన తీగలో మిగిలిన ముక్క. ఇంకా రాలిపోలేదు గానీ, గోరుతో నొక్కితే గాటు పడకుండా గట్టిగా తగులుతోంది.

ఇంజెక్టర్ జాయింటును కోసేసి, క్రింపింగ్ పనిముట్టు కొని, జిగురున్న స్లీవ్‌తో మళ్ళీ వేశాను. ఇప్పుడు బల్బు తక్కిన ఏడింటితో సమానంగా వెలుగుతోంది, సిగ్నల్ దగ్గర వణుకు లేదు. ఆక్సిజన్ సెన్సర్‌కు 125 డిగ్రీల తీగ తెప్పిస్తున్నాను. ఇదంతా నేనే చేసుకున్నాను కాబట్టి నా మొదటి మాట పూర్తిగా వీగిపోయిందని ఒప్పుకోను. అయితే కప్లర్ ఆకారమే పొరపాట్లను అడ్డుకుంటుందని రాసిన వాక్యం మాత్రం తొందరపాటు. నా పొరపాటు కప్లర్లలో లేదు, కప్లర్‌కూ కప్లర్‌కూ మధ్య ఉంది.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:

తక్కిన ఏడు జాయింట్ల స్లీవులు కూడా అదే కట్టలోవి కదా? వాటినీ ఇప్పుడే విప్పి వేయండి. లేదంటే కనీసం రెండు పెద్ద వానలు కురిశాక, ఇంజిన్ గది ఇంకా తడిగా ఉండగా, అదే బల్బుతో మళ్ళీ చూసి ఇక్కడ రాయండి.