కార్ల షో ముగ్గురు ముసలోళ్లు బండ్లు ఆపేశారు, మనం ఏడవాల్సిన పనుందా?

పెన్నా గట్టు (నెల్లూరు):
తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. టాప్ గేర్ అని బీబీసీ వాళ్ల కార్ల షో. 1977లో పుట్టింది, 2002లో కొత్త అవతారం ఎత్తింది. జెరెమీ క్లార్క్‌సన్, రిచర్డ్ హామండ్, మరుసటి ఏడాది నుంచి జేమ్స్ మే. 2015లో షూటింగ్ అయ్యాక హోటల్లో వేడి భోజనం దొరకలేదని క్లార్క్‌సన్ ఒక ప్రొడ్యూసర్ మీద చెయ్యి చేసుకున్నాడు, బీబీసీ ఇక నువ్వొద్దు పొమ్మంది, మిగతా ఇద్దరూ ఆయన వెంటే పోయారు. 2016 నుంచి అమెజాన్‌లో గ్రాండ్ టూర్ అని పెట్టుకున్నారు. ఈ ముగ్గురి వరకూ అదీ 2024 సెప్టెంబర్ 13న చివరి ట్రిప్పుతో అయిపోయింది. బీబీసీలో మిగిలిన పాత షోని 2023 నవంబర్‌లోనే పక్కన పెట్టేశారు. అంటే ఈ ముగ్గురికీ రెండు పొయ్యిలూ ఆరిపోయినట్టే.

ఆ చివరి ట్రిప్పు నిన్న రాత్రి మళ్లీ చూశా. జింబాబ్వేలో బయల్దేరతారు. ఫోర్డ్ కాప్రీ, లాన్సియా మాంటెకార్లో, ట్రయంఫ్ స్టాగ్, మూడూ ముసలి బండ్లే. ఆఖరికి బోట్స్వానాలో కుబు ద్వీపం చేరతారు. ద్వీపమని పేరే గానీ చుట్టూ నీళ్లుండవు, ఉప్పుమేట నడుమ రాళ్లగుట్ట, దాని మీద లావుపాటి బావోబాబ్ చెట్లు. మన ఇస్కపల్లి ఉప్పుమళ్లు చూసినవాళ్లకు ఆ తెలుపు కొంచెం తెలుస్తుంది, కాకపోతే అక్కడ కనుచూపు మేరా అదే. 2007లో టాప్ గేర్ కోసం పాత కార్లేసుకుని ఈ ముగ్గురూ వెళ్లిందీ అక్కడికే. చూస్తుంటే గొంతు పట్టేసింది. మా తమ్ముడు పక్కనే కూర్చుని "మనల్ని వెక్కిరించి పోయినోళ్ల కోసం ఏడుస్తుండావా, సిగ్గులేదా" అన్నాడు. అన్నం దగ్గర పెద్ద గొడవే అయింది. మీరు చెప్పండి, వాడిది న్యాయమా నాది న్యాయమా?

చీమకుర్తి ట్రైలర్:
మీ తమ్ముడిదే. 2011 డిసెంబర్‌లో వచ్చిన ఇండియా స్పెషల్ మర్చిపోయారా? క్లార్క్‌సన్ జాగ్వార్ కారు డిక్కీ మీద కమోడ్ బిగించుకుని ఊరేగాడు, ఇక్కడికొచ్చిన ప్రతివాడికీ విరేచనాలట. ఢిల్లీలో పెద్దమనుషుల ముందు ప్యాంటు విప్పి ఇస్త్రీ మిషన్లో పెట్టాడు. రైలుకు బ్యానర్ కట్టారు, పెట్టెలు విడిపోగానే అది చినిగి బూతుమాట అయింది. మరుసటి నెల లండన్‌లో మన హైకమిషన్ వాళ్లు ఫిర్యాదు కూడా చేశారు. సరే, ఒకసారి నోరు జారిందనుకుందాం. రెండేళ్లకు బర్మా స్పెషల్‌లో వంతెన మీద నడిచొస్తున్న మనిషిని చూసి ఆసియావాళ్లను తిట్టే మాట అన్నాడు, అది కావాలనే అన్న మాటని బ్రిటన్‌లో టీవీల మీద కన్నేసి ఉంచే ఆఫ్‌కామ్ తేల్చింది. మూడు దేశాల్లో మూడుసార్లు జారేదాన్ని నోరు అనరు సామీ. మూడోది అర్జెంటీనా, బ్రిటన్‌తో వాళ్లకు జరిగిన 1982 ఫాక్లాండ్స్ యుద్ధాన్ని గుర్తుచేసేట్టున్న నంబర్ ప్లేటు బండేసుకుని పోయారు.

ఆ బర్మాది నేను లారీల కోసమే చూశా. ముగ్గురికీ పాత లారీలే ఇచ్చారు. గేరు పడకపోతే నవ్వు, బ్రేకు పట్టకపోతే నవ్వు. ఇరవై ఏళ్లుగా గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు మోస్తున్నా, బ్రేకు పట్టకపోతే నేను ఒక్కసారి కూడా నవ్వలేదు.

పాత ఇనుము (ఉదయగిరి):
అన్నా, మీ చివరి మాట నిజం, కాదనను. కానీ ఆ షో మాలాంటోళ్లకు ఏం చేసిందో కూడా వినండి, కొంచెం పొడుగు.

2013 మే నెల. ముగ్గురం స్నేహితులం, మనిషికి ముప్పై వేల లోపు ఒక్కో పాత కారు కొనాలి, ఉదయగిరి నుంచి పామూరు, కనిగిరి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరాలి. ఇది అచ్చం ఆ షోలో పందెమే. ఒకడు మారుతి 800 కొన్నాడు, ఒకడు డీజిల్ అంబాసిడర్, ఇంకొకడు పద్మిని. బోట్స్వానా ట్రిప్పులో ఎవరి కారు చచ్చిపోతే వాడు ఒక పాత బీటిల్‌లో కూర్చోవాలని రూలు, ఆ బీటిల్ అంటే క్లార్క్‌సన్‌కు ఒళ్లుమంట. మాకు బీటిల్ ఎక్కడ దొరుకుతుంది, టీవీఎస్ ఎక్సెల్ పెట్టుకున్నాం. దాని మీద అంబాసిడర్ వాడి బావమరిది వెనకే వచ్చాడు, క్యారియర్‌కు నీళ్ల డబ్బాలు కట్టుకుని.

పామూరు దాటగానే పద్మిని ఆగిపోయింది. ఎండకు ఫ్యూయల్ పంపులో పెట్రోలు ఆవిరైపోతుంది, పంపు ఆవిరినే లాగుతుంటుంది, కార్బురేటర్‌కు చుక్క రాదు. పాత పద్మినీలు నడిపినవాళ్లందరికీ తెలిసిన రోగమే. బానెట్ ఎత్తి, గోనెసంచి ముక్క తడిపి పంపు చుట్టూ కట్టి, పదిహేను నిమిషాలు తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. బుస్సుమని ఆవిరి, తడి గోనె వాసన. మళ్లీ సెల్ఫ్ కొడితే ఎత్తుకుంది! అట్లా ప్రతి పాతిక కిలోమీటర్లకూ గోనె తడుపుతూ, పొలంలో మోటారు కనిపిస్తే ఆపుతూ దోర్నాల చేరేసరికి సాయంత్రం ఏడు. రాత్రి తొమ్మిదికి ఫారెస్టు గేటు వేసేస్తారు, పులుల అడవి కదా, ఒకటే టెన్షన్. గేటు ముందర పంపులో డయాఫ్రమ్, అదే పెట్రోలు లాగే పలచటి పొర, పగిలింది. దానికి గోనె ఏం చేస్తుంది? బండిని టీ కొట్టు పక్కన వదిలేసి, దాని యజమాని ఘాట్ అంతా ఎక్సెల్ మీద ఎక్కాడు. మిగతా వాళ్లం కార్లలోంచి హారన్ కొడుతూ పోయాం.

మా జిల్లాలో ముగ్గురు పనికిమాలినోళ్లకు ఆ రోజు దొరికింది ఆ షో వల్లే. కమోడ్ జోకు చూసినప్పుడు నాకూ కాలింది. రెండూ నిజమే, ఏం చేయమంటారు?

ఆటోనగర్ నైట్ షిఫ్ట్ (నెల్లూరు):
స్పేర్ డయాఫ్రమ్ జేబులో లేకుండా పద్మినితో దూరం బయల్దేరడమేందబ్బా. షోలో వెనకాల మెకానిక్కుల బండి వస్తుంది, మనకు రాదు. ఆ తేడా తెలియని కుర్రోళ్లు మా షెడ్డుకు చాలామంది వచ్చారు.

ఒంగోలు స్కూటీ:
మీరంతా ఆ ముగ్గురి చుట్టే తిరుగుతున్నారు. 1977లో ఆ షోని మొదట నడిపిన ఇద్దరిలో ఒకరు ఏంజెలా రిప్పన్, ఆడమనిషి. ఆ తర్వాత మగాళ్ల రచ్చబండ అయింది. నాకు ఆ షో మొత్తంలో గుర్తుండే మనిషి జర్మనీ కార్ల రేసర్ సబీన్ ష్మిట్జ్. నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకు మీద క్లార్క్‌సన్ డీజిల్ జాగ్వార్‌లో పది నిమిషాల లోపు ఒక రౌండు కొట్టడానికి కిందా మీదా పడి చివరకు 9 నిమిషాల 59 సెకన్లకు పూర్తి చేస్తే, ఆవిడ ఆ టైము వ్యాన్‌లో కూడా వస్తుందంది. అని ఊరుకోకుండా సరుకులు మోసే ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాన్ తెచ్చి 10 నిమిషాల 8 సెకన్లలో తిప్పింది. మన పాలవ్యాన్ లాంటి బండండీ అది! 2021లో క్యాన్సర్‌తో పోయింది. నేను అప్పుడు ఏడ్చాను. ఈ ముగ్గురి కోసం రావడం లేదు, డబ్బు మీద డబ్బు సంపాదించుకుని సుఖంగా ఆ షో నుంచి తప్పుకున్నారు.

పెన్నా గట్టు:
అక్కా, ఆ వ్యాన్ ఎపిసోడ్ నేను పదిసార్లు చూసి ఉంటా. ఆవిడ 2016లో కొత్త టీములో కూడా ఉంది. అప్పటికి షోలో ప్రాణం లేదు, అది వేరే సంగతి. అసలు ఈ ముగ్గురు లేకుండా నడపాలనుకోవడమే తప్పని నా లెక్క.

కోవూరు ఎల్లో ఆర్మీ:
ఆ మాట దగ్గర నాకు పని పడింది. 2019లో కొత్త టీములోకి ఎవరొచ్చారు? ఇంగ్లండ్ క్రికెటర్ ఫ్లింటాఫ్. 2009లో మన చెన్నై వాళ్లు 15.5 లక్షల డాలర్లు పోసి కొంటే మూడే మ్యాచ్‌లు ఆడి గాయంతో వెళ్లిపోయిన ఫ్లింటాఫ్. వాంఖడేలో చొక్కా విప్పింది కూడా ఆయనే, తర్వాత గంగూలీ లార్డ్స్‌లో బాకీ తీర్చాడనుకోండి. ఆయనతో ఆ షో బాగానే నడిచింది, నాకైతే నచ్చింది. 2022 డిసెంబర్‌లో డన్స్‌ఫోల్డ్ ట్రాకులో మోర్గాన్ అనే మూడు చక్రాల బండి బోల్తాపడి మొహం చితికిపోయింది. హెల్మెట్ లేదు. మన ఆటోకు ముందు ఒక చక్రం, దానికి వెనక ఒక చక్రం, అంతే తేడా, పైన కప్పు కూడా లేదు. ఆ యాక్సిడెంటు వల్లే షో మూతపడింది. 2006లో హామండ్ గంటకు 280 మైళ్లు దాటిన జెట్ కారులో టైరు పేలి చావు దాకా వెళ్లొచ్చినప్పుడే ఆలోచించాల్సింది. వీడ్కోలు అంటే ఆఫ్రికాలో సూర్యాస్తమయం ఒక్కటే చూపిస్తున్నారు మీరు, ఇంకో వీడ్కోలు ఆసుపత్రిలో జరిగింది.

చీమకుర్తి ట్రైలర్:
ఇదీ మాట. బండి ఆటవస్తువు అనుకుంటే ఇంతే.

ఆటోనగర్ నైట్ షిఫ్ట్:
అన్నా, మీరు చెప్పేది రోడ్డు మీద రూలు. ఫ్లింటాఫ్‌ది షూటింగ్ వాళ్ల నిర్లక్ష్యం, షో చూసినోడి తప్పు కాదు. ఇంకో సంగతి, ప్రపంచంలో టాక్సీలన్నీ తెచ్చి పోటీ పెడితే 2013లో మన అంబాసిడరే గెలిచింది, టాప్ గేర్ వాళ్లే గెలిపించారు. మరుసటి ఏడాదే మనవాళ్లు ఆ ఫ్యాక్టరీ ఆపేశారు. వెక్కిరించింది వాళ్లే, కిరీటం పెట్టిందీ వాళ్లే.

చీమకుర్తి ట్రైలర్:
అంబాసిడర్ గెలిచిందా? అది నాకు తెలియదు. బాగుంది. అయినా కమోడ్ మాట నేను వదలను.

ఒంగోలు స్కూటీ:
వదలొద్దు. నేనూ వదలను.

పెన్నా గట్టు:
మా తమ్ముడు ఈ పోస్టులన్నీ చదివి తనదే గెలుపు అంటున్నాడు. లెక్కేస్తే అట్లాగే ఉండాది. నేను మాత్రం ఈ ఆదివారం వియత్నాం స్పెషల్ పెట్టుకుంటున్నా, టూవీలర్ల మీద వెళ్లింది.

చీమకుర్తి ట్రైలర్:
ఉదయగిరి తమ్ముడూ, ఒకటి అడగాలి. మారుతి ఒకడు, అంబాసిడర్ ఒకడు అన్నావు. ఆ పద్మిని ఎవరిదో చెప్పలేదే?

పాత ఇనుము:
నాదే అన్నా. ఘాట్‌లో చలికి చెవులు పోయాయి.