తామర తొట్టికి ఫైబర్ ఆప్టిక్ లైట్లు: సలహా కావాలి

మా పెరట్లో తామరల కోసం కట్టించిన సిమెంటు తొట్టి ఉంది. పిల్లలు సాయంత్రాలు అందులో చేతులు పెట్టి చేపలతో ఆడుతుంటారు, అందుకే నీళ్ల దగ్గరికి కరెంటు వైరు తేవాలంటే టెన్షన్. ఫైబర్‌లో వెలుగే తప్ప కరెంటు ఉండదు కాబట్టి, వెలుగు పంపే ఎల్ఈడీ పెట్టెను వరండాలో తడవని చోట బిగించి, ఫైబర్ తీగలను మాత్రం తొట్టి దాకా తీసుకెళ్దామని ఆలోచన. మధ్య దూరం 8 మీటర్లు.

తొట్టి అంచు చుట్టూ సైడ్ గ్లో తీగ (కొసలోనే కాక పొడవునా పక్కల నుంచి వెలిగేది) వేస్తే దూరం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది కదా, రెండు కొసలూ పెట్టెలోకే తెస్తే సమంగా వస్తుందా? ఇవి అక్రిలిక్ తీగలు. మే నెల ఎండకు పసుపెక్కకుండా పైపులో వేసి పూడిస్తే చాలా? మూలల్లో ఎంత వంచొచ్చు? నీళ్లలోకి దించే విడి తీగల కొసలకు పాచి పడితే గీతలు పడకుండా ఎలా తుడుస్తున్నారు? మాకు ఎలుకల బెడద కూడా ఉంది. వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.