సొంత టైల్ సర్వర్ పెట్టాను, తెలుగు ఊరి పేర్లలో ఒత్తులు విడిపోతున్నాయి

వ్యాన్‌బండి:
స్కూల్ వ్యాన్ ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లోవాళ్లకు మ్యాపులో చూపించే చిన్న సైటు నడుపుతున్నా. ఇన్నాళ్లూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఓఎస్ఎం, అందరూ కలిసి గీసే ఉచిత పటం) వాళ్ల టైల్సే, అంటే మ్యాపును ముక్కలు చేసిన చదరాలే, వాడాను. అవి విరాళాల మీద నడిచే సర్వర్లు, వాడకం ఎక్కువైతే ఆపేస్తామని నిబంధనల్లోనే రాశారు. అందుకే ఓఎస్ఎం డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైటు నుంచి దక్షిణ భారతం ఫైలు దించి, ప్లానెటైలర్ అనే ప్రోగ్రాంతో వెక్టర్ టైల్స్ (బొమ్మలు కాకుండా గీతలూ పేర్లూ డేటాగా ఉండేవి) చేసి, వాటిని బ్రౌజర్‌లో గీసే మ్యాప్‌లిబ్రేలో పెట్టా. ఇంగ్లిష్ పేర్లు బాగానే ఉన్నాయి. తెలుగు పెడితేనే గోల, కొత్తపల్లి కాస్తా కొత్‌తపల్‌లి అయి కూర్చుంది. ఫాంటు మార్చినా అంతే. చూసేది ఎక్కువగా నాయనమ్మలూ తాతయ్యలే, ఇంగ్లిష్‌తో సరిపెట్టలేను.

పటాలపిచ్చి:
తప్పు ఫాంటుది కాదండీ. మ్యాప్‌లిబ్రే ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో బొమ్మ తెచ్చుకుని వరసగా పేరుస్తుంది. ఒత్తు కింద చేరాలంటే అక్షరాలు కలిపి చూడాలి, ఆ పని అక్కడ దానంతట అది జరగదు. టైల్‌సర్వర్ జీఎల్ అనే ప్రోగ్రాంతో సర్వర్‌లోనే పీఎన్‌జీ బొమ్మలు తీసినా లోపల అదే మ్యాప్‌లిబ్రే కుటుంబం, అదే రోగం.

సర్వర్‌లోనే టైల్స్‌ని బొమ్మలుగా గీసే మ్యాప్‌నిక్‌కి మారండి. అందులో అక్షరాలు కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ ఉంది, ఒత్తులూ గుణింతాలూ చక్కగా కూర్చుతుంది. పటాల డేటాబేసుకు పోస్ట్‌జీఐఎస్, అందులోకి డేటా ఎక్కించడానికి ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్, టైల్స్ గీయించడానికి రెండర్‌డీ, వాటిని సైటుకు అందించడానికి వెబ్ సర్వర్ అపాచీకి మాడ్‌టైల్: పాత చింతకాయ పచ్చడే, కానీ మన లిపికి నమ్మకమైన దారి. సర్వర్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఎక్కించడం మరవకండి, లేకపోతే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. మ్యాపు ఎలా గీయాలో చెప్పే స్టైల్ ఫైలు మామూలుగా 'నేమ్' ట్యాగే (ఊరికి ఓఎస్ఎంలో రాసిన మామూలు పేరు) చూస్తుంది. ఆ స్టైల్ డేటాబేసును అడిగే ఎస్‌క్యూఎల్‌లో ముందు తెలుగు పేరు, అది లేకపోతే 'నేమ్' వచ్చేలా మార్చుకోండి.

వ్యాన్‌బండి:
థాంక్స్ అండీ. టైల్స్ అన్నీ ముందే గీయించి పెట్టేయనా? డిస్కు గురించే టెన్షన్.

డిస్కునిండింది:
వద్దు బాబోయ్! జూమ్ ఒక్క మెట్టు పెరిగితే టైల్స్ నాలుగింతలు. ప్రపంచం మొత్తానికి జూమ్ 18లో 6,800 కోట్లకు పైనే. మీ జిల్లా వరకు జూమ్ 12 దాకా గీయించండి, మిగతావి ఎవరైనా చూసినప్పుడు రెండర్‌డీ గీసి దాచుకుంటుంది.

పటాలపిచ్చి:
ఇంకోటి. ఓఎస్ఎంలో సరిహద్దులు నేలమీద ఎవరి అధీనంలో ఉందో దాని ప్రకారం గీస్తారు. కశ్మీర్ గీత మన ప్రభుత్వ పటంలా ఉండదు. జూమ్ తగ్గిస్తే అది బయటపడుతుంది, మీకెందుకు తలనొప్పి? కనిష్ఠ జూమ్ 9 దగ్గర ఆపేయండి. మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మాత్రం ఉండాల్సిందే, సర్వర్ మీదైనా డేటా వాళ్లది.