నల్లరేగడిలో కుంగిన గచ్చు, మూల పగిలిన గోడ: ఇప్పుడే లేపించాలా?

రాజూరా_ఇల్లు (మే 11)

మాది చంద్రపూర్ జిల్లా రాజూరా. నాన్నగారు 2009లో కట్టించిన ఇల్లు, నేల నల్లరేగడి. ఈ ఎండాకాలం నైరుతి గదిలో గచ్చు గోడను వదిలి కిందికి దిగింది. స్కర్టింగు టైలు కింద నా రెండు వేళ్ళు పడుతున్నాయి. బియ్యం డబ్బా ఒరిగిపోతుంటే అమ్మ దాని కింద అట్టముక్క పెట్టింది. నెల తిరిగేసరికి దాని మీద ఇంకో అట్టముక్క పెట్టవలసి వచ్చింది. అదే గదిలో కిటికీ పై మూల నుంచి శ్లాబు దాకా ఏటవాలుగా బీట పడింది. పైన వెడల్పుగా ఉంది, కిటికీ దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకంత.

ముగ్గురికి చూపించాను. ఒక మేస్త్రి బీటలో సిమెంటు కూరి రంగు వేస్తే చాలన్నారు. ఇంకొకరు గది మొత్తం తవ్వాలన్నారు. ఒక కాంట్రాక్టరు మాత్రం గచ్చుకు రంధ్రాలు వేసి నురుగు ఎక్కించి రెండు రోజుల్లో లేపుతామని, వానలు పడేలోపే చేయించుకోవాలని తొందరపెడుతున్నారు. ఇలాంటి పని చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే, జరిగింది జరిగినట్టు చెప్పండి. అమ్మ ఆ గదిలో పడుకోవడం మానేసింది.

రసమట్టం, ధర్మాబాద్ (మే 11)

బాబూ, ముప్పై ఏళ్ళు కట్టడాల పని చూసి ఇంటిపట్టున ఉన్నవాణ్ణి. ముందు ఒక సంగతి తేల్చుకోండి. కుంగింది గచ్చా, గోడా? మీ మాటలను బట్టి రెండూ. కానీ అవి ఒకటే జబ్బు కాదు. గోడ బరువు పునాది మీద పడుతుంది. గచ్చు బరువు బేస్‌మెంటులో నింపిన మట్టి మీద పడుతుంది. ఆ మట్టి దిగితే గచ్చు దిగుతుంది, గోడకు ఏమీ కాకపోవచ్చు. నురుగు ఎక్కించేవారు లేపుతామంటున్నది గచ్చును. మీ గోడ బీటకు దానితో సంబంధం లేదు.

బీట పైన వెడల్పుగా ఉందంటే ఆ మూల కిందికి జారుతోందని అర్థం. గోడ నడుమ కుంగితే బీట కింది వైపు వెడల్పుగా తెరుచుకుంటుంది. నల్లరేగడిలో ఇది ఏటా జరిగే తంతు. ఎండాకాలంలో ఇంటి చుట్టూ నేల ఎండి నెర్రెలు విచ్చుతుంది, ఇంటి నడుమ కింద మాత్రం తడి ఆరదు. దాంతో అంచులు దిగుతాయి, మూలలు మరీ ఎక్కువగా. వానలు పడ్డాక అదే మట్టి నీళ్ళు తాగి ఉబ్బి మూలను మళ్ళీ పైకి ఎత్తుతుంది.

అందుకే వానలకు ముందే లేపించాలన్న మాట నాకు మింగుడుపడటం లేదు. మే నెలలో నేల అన్నిటికంటే కిందికి దిగి ఉంటుంది. ఆ మట్టానికి సరిపోయేలా లేపితే సెప్టెంబరులో నేల ఉబ్బి, ఎత్తినదాన్ని ఇంకా ఎత్తుతుంది. అప్పుడు కొత్త బీటలు పడతాయి. ఒక్క ఏడాది, కనీసం ఒక వానాకాలం, కొలిచి చూడండి.

కొలవడం కష్టమేమీ కాదు. మేస్త్రులు వాడే నీళ్ళ గొట్టం తీసుకోండి, లోపల గాలి బుడగ లేకుండా చూసుకోండి. ఇంటి నాలుగు మూలలా గోడ మీద ఒకే మట్టానికి మేకుతో సన్నని గీత గీసి, తేదీ రాయండి. బీటకు అడ్డంగా పలుచని గాజుముక్కను రెండు వైపులా అతికించండి, దాని మీదా తేదీ వేయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. బీట వెడల్పు కూడా రాసుకోండి. 1 మిల్లీమీటరు లోపు ఉంటే సన్నది, 2 దాటితే వెడల్పైనది కింద లెక్క.

వార్ధా_ఒడ్డు, బల్లార్పూర్ (మే 12)

తమ్ముడూ, నా అనుభవం చెబుతాను. మా వంటగది గచ్చు అరచేయి మందం దిగింది. ఒకాయన వచ్చి రెండు వేళ్ళు పట్టేంత రంధ్రాలు వేసి, సిమెంటు పాలలో సన్నని మట్టి కలిపి పంపుతో ఎక్కించాడు. నా కళ్ళ ముందే గచ్చు మెల్లగా లేచి గోడ గీతకు వచ్చి ఆగింది. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ దిగింది. ఈసారి ఎక్కించిన సిమెంటు బరువు కూడా తోడైందేమో, ఇంకా ఎక్కువ దిగింది.

అసలు కారణం గచ్చు కింద నుంచి వెళ్ళే నీళ్ళ గొట్టం. జాయింటు దగ్గర కారుతూ సన్నని మట్టిని కొట్టుకుపోతూ ఉంది. దాన్ని కనిపెట్టింది మా అత్తగారు. రాత్రి కుళాయిలన్నీ కట్టి, మేడ మీద ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టమన్నారు. తెల్లవారి చూస్తే నీళ్ళు గీతకు నాలుగు వేళ్ళ కింద ఉన్నాయి. రాత్రంతా ఎవరమూ ఒక్క చెంబు వాడలేదు. గొట్టం మార్చి గోడ వెంట పైనుంచి వేయించుకున్నాక ఇక గచ్చు కదల్లేదు. లేపేవాడిని పిలిచే ముందు ఈ సుద్దగీత పరీక్ష చేయండి. ఖర్చు లేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి (మే 12)

మా వైపు నేల వేరు, అయినా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మాది పూడ్చిన చెరువు గట్టున తీసుకున్న స్థలం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తిన తర్వాత ముందు గది గచ్చు ఒక పక్కకు వాలింది. గోడలకు మాత్రం ఒక్క బీట లేదు. మేము లేపే ప్రయత్నం చేయలేదు. పగలగొట్టించాం.

పగలగొట్టాక కనిపించింది చూసి మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. కాంక్రీటు కింద జానెడు ఖాళీ. దాని కింద ఇటుక ముక్కలు, చెట్టు వేళ్ళు, సిమెంటు సంచులు. కట్టిన రోజున బేస్‌మెంటును ఒకేసారి నింపి పైన నీళ్ళు పోసి వదిలేశారు. మట్టి అలా గట్టిపడదు. మేము చెత్తంతా తీయించి, మొరాన్ని ఆరు అంగుళాల మందాన పరిచి, కాస్త తడిపి దిమ్మిసతో కొట్టించి, దాని మీద మరో పొర వేయించాం. ఇలా నాలుగు పొరలు. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట్లో మట్టి పిసికితే ముద్ద కట్టాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. ఆ ముద్దను మోకాలెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలుగా విడిపోవాలి. పైన కాంక్రీటు, ఆపైన బండలు. ఇన్నేళ్ళలో ఆ గచ్చు అంగుళం కూడా మారలేదు.

చిన్న గదికి పగలగొట్టి మళ్ళీ వేయడమే మేలని నా గట్టి నమ్మకం. కింద ఏముందో కళ్ళతో చూసే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

బొగ్గుబావి, ఘుగ్గుస్ (మే 13)

రాజూరా అన్నారు కాబట్టి ఒక మాట. మన జిల్లాలో నల్లరేగడి ఒక్కటే కాదు, కింద పాత బొగ్గు గనులు కూడా ఉన్నాయి. 2022 ఆగస్టులో ఘుగ్గుస్‌లో ఒక ఇల్లు ఉన్నపళంగా భూమిలోకి దిగిపోయింది. ఆ ప్రాంతం కింద పాత భూగర్భ గని ఉంది. ఇంట్లోవాళ్ళు బయటికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. నేలలో ఉన్నట్టుండి గుండ్రంగా గుంట పడినా, ఇంటి బయట వీధిలో కూడా పొడవుగా పగులు సాగినా, ఒకే వరుసలోని రెండు మూడిళ్ళు ఒకే వారంలో బీటలు వారినా అది మేస్త్రి పని కాదు. ముందు ఇల్లు ఖాళీ చేసి తహసీల్దారుకు చెప్పండి. మీ ఒక్క గదిలోనే, ఏళ్ళ తరబడి మెల్లగా దిగుతున్నదైతే ఆ భయం అక్కర్లేదు.

ప్రాణహిత_తీరం, సిరొంచ (మే 15)

మాది నది ఇసుక నేల. 2022 జూలై వరద వారం రోజులు ఊరి చుట్టూ నిలిచింది. నీళ్ళు తీశాక మా ఇంటి తూర్పు పునాది కింద ఇసుక కొట్టుకుపోయి గోడ ఒక చోట గాలిలో వేలాడినట్టయింది. మరుసటి ఏడు అక్టోబరులో మాకు దిగువన గోదావరి మీది మేడిగడ్డ బరాజ్‌లో పియర్లు (గేట్ల మధ్య ఉండే స్తంభాలు) కుంగాయి. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నివేదిక కూడా ఎత్తిచూపింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా తూర్పు గోడే గుర్తొచ్చింది.

మేము గోడను లేపలేదు. ఇంకా దిగకుండా కింద కొత్త పునాది కట్టించాం. పని చూసింది ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు, ఆయన లేకుండా మేము పార పట్టేవాళ్ళం కాదు. గోడ పొడవునా మీటరు చొప్పున గుర్తులు పెట్టి 1, 2, 3, మళ్ళీ 1, 2, 3 అని రాశారు. మొదట 1లు మాత్రమే తవ్వాలి. పక్కపక్క గుంటలు ఒకేసారి తీస్తే గోడ కూలుతుంది. గుంటలో గట్టి నేల తగిలేదాకా దిగి కాంక్రీటు పోశారు. కానీ పాత పునాదికి తగిలేలా పోయలేదు, మూడు అంగుళాలు ఖాళీ వదిలారు. రెండు రోజులాగి, ఒకపాలు సిమెంటు, మూడుపాలు ఇసుక కలిపి, నీళ్ళు దాదాపు లేకుండా, ఆ ఖాళీలో కర్రతో కూరి సుత్తితో దట్టించారు. తడి కాంక్రీటుతో నింపితే ఆరేటప్పుడు కుంచించుకుపోయి సందు మిగులుతుందట, అప్పుడు గోడ బరువు కొత్త పునాది మీదికి రాదు. 1లు గట్టిపడ్డాక 2లు, ఆ తర్వాత 3లు. మొత్తం ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ శ్లాబు కింద ఊతకర్రలు పెట్టి ఉంచాం.

గోదాము, దెగ్లూర్ (మే 17)

నురుగు గురించి అందరూ భయపెడుతున్నారు, నా మాట కూడా వినండి. పాలీయురేతేన్ నురుగుతో మా గోదాము గచ్చు లేపించాను, నాకు మేలు చేసింది. రంధ్రాలు చిటికెన వేలంత. కింద పోసిన ద్రవం క్షణాల్లో పొంగి గట్టిపడుతుంది. బస్తాల వరుసలు కదపకుండానే ఒక్క పూటలో పని అయింది, సాయంత్రానికి బండి ఎక్కించాను. సిమెంటు పాల కంటే చాలా తేలిక, నేల మీద కొత్త బరువు పడదు. అయితే మాది మొరం నింపిన నేల. దిగడం ఎప్పుడో ఆగిపోయింది, ఖాళీ మాత్రం మిగిలింది. అలాంటి చోటికి అది సరైన మందు. ఖర్చు మాత్రం కొత్త గచ్చు కంటే ఎక్కువైంది. పంపు పట్టే మనిషి చేయి కూడా నిదానంగా ఉండాలి, ఒక చోట ఎక్కువ పోస్తే గచ్చు నడుమ విరుగుతుంది.

రాజూరా_ఇల్లు (మే 19)

అందరికీ నమస్కారాలు. అక్కా, సుద్దగీత పరీక్ష చేశాను, ట్యాంకు నీళ్ళు తగ్గలేదు. గొట్టంతో కొలిచాను. నైరుతి మూల మిగతా మూడింటి కంటే 22 మిల్లీమీటర్లు కింద ఉంది. బీట పైన 3 మిల్లీమీటర్లు. ఇంకొకటి, ఆ మూలకు మూడు మీటర్ల దూరంలో నాన్నగారు నాటిన నీలగిరి చెట్టు ఉంది. శ్లాబు మీది వాన గొట్టం కూడా సరిగ్గా ఆ మూల దగ్గరే నేల మీదికి వదిలేశారు.

రసమట్టం, ధర్మాబాద్ (మే 19)

దొరికింది! ఎండాకాలమంతా ఆ మూల తడిని చెట్టు పీల్చేస్తోంది, వానాకాలమంతా శ్లాబు నీళ్ళు అక్కడే పడుతున్నాయి. ఒకే మూల ఎక్కువ ఎండి ఎక్కువ తడుస్తోంది. చెట్టును కోపంతో ఒక్కరోజులో నరికేయకండి. వేళ్ళు తాగే నీరంతా నేలలోనే మిగిలి, మట్టి ఏళ్ళపాటు ఉబ్బుతుంది. కొమ్మలు బాగా తగ్గించి, రెండు మూడేళ్ళలో తీసేయండి. వాన గొట్టాన్ని ఈ వారమే దూరంగా మళ్ళించండి. ఇంటి చుట్టూ మీటరుకు తగ్గకుండా, స్థలం ఉంటే రెండు మీటర్లు, బయటికి వాలుగా గచ్చు కట్టించండి. గోడకూ దానికీ మధ్య సందును తారుతో నింపండి.

మట్టి ఎంత ఉబ్బేదో ఇంట్లోనే చూడవచ్చు. గచ్చు కింద నుంచి గుప్పెడు మట్టి తీసి, ఎండబెట్టి, దంచి, పిండి జల్లెడ పట్టండి. పది గ్రాముల చొప్పున రెండు సన్నని కొలగాజుల్లో (కొలత గీతలున్న గాజు గొట్టాల్లో) వేసి, ఒకదానిలో డిస్టిల్డ్ నీళ్ళు, రెండోదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌కు ఈ మట్టి ఉబ్బదు. నీళ్ళలోని మట్టి కిరోసిన్‌లోని దానికంటే సగం ఎక్కువ ఎత్తుకు లేచినా జాగ్రత్తపడాలి. ప్రయోగశాల పరీక్ష అంత కచ్చితంగా రాదు, మీకు దిశ తెలుస్తుంది.

కొత్తగా కట్టేవారు చదువుతుంటే వారికీ ఒక మాట. నల్లరేగడిలో నాలుగడుగుల రాతి పునాదితో సరిపెట్టకండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేల కోసమే అడుగున ఉబ్బెత్తు ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్‌ను (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలను) తీర్చిదిద్దింది. నల్లరేగడి లోతుగా ఉన్నచోట అవి కనీసం 3.5 మీటర్లు దిగాలి, ఎందుకంటే రుతువులతో నేల కదిలేది అంతవరకే. కట్టే ముందు పెట్టే ఆ ఖర్చు, కట్టాక కుంగినదాన్ని సరిచేసే ఖర్చు ముందు ఏపాటి?

రాజూరా_ఇల్లు (సెప్టెంబరు 23)

కిరోసిన్‌లో మట్టి 11 గీత దగ్గర ఆగింది, నీళ్ళలో 20కి లేచింది. అమ్మ రెండు గాజులనూ కిటికీలో పక్కపక్కన పెట్టి, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

వాన గొట్టం మళ్ళించాం, చుట్టూ గచ్చు కట్టించాం. మూల ఇప్పుడు 14 మిల్లీమీటర్లే కింద ఉంది. ఎవరూ లేపలేదు, దానంతట అదే ఎనిమిది లేచింది. బీట 2 మిల్లీమీటర్లకు తగ్గింది. రసమట్టం గారూ, మేలో ఆ కాంట్రాక్టరుకు బయానా ఇవ్వకుండా ఆపింది మీరే.

రాజూరా_ఇల్లు (డిసెంబరు 8)

మూల 15 దగ్గర నిలిచింది. మేలో పెట్టిన గాజు వానల్లో పగిలింది, అక్టోబరులో కొత్తది పెట్టాను. పోయిన వారం గది గచ్చు పగలగొట్టించాం. పర్లాకిమిడిలోలాగే ఇక్కడా గచ్చు కింద ఖాళీ కనిపించింది. పునాది తవ్విన నల్లమట్టినే బేస్‌మెంటులో తిరిగి నింపేశారు, అది ఎండి గచ్చును వదిలేసింది. రెండడుగుల లోతు తీయించి, రాజూరా బయటి నుంచి మొరం తెప్పించి, పొర పొరగా దిమ్మిస కొట్టిస్తున్నాం. గుప్పిటి ముద్ద పరీక్ష నేనే చేస్తున్నాను. గోడ బీటను ఇప్పుడే పూడ్చను. అక్టోబరు గాజు ఇంకా పగలలేదు. మే చివర మళ్ళీ కొలిచి ఇక్కడే రాస్తాను.