పార్కు బాగుకు నగరం గ్రాంటు ఇవ్వాలంటే కాలనీవాళ్లు వాటా పెట్టాలా?

సియాటెల్ తెలుగువాడు (చర్చ మొదలుపెట్టినవారు)

మా సియాటెల్ నగరపాలక సంస్థ 1988లో ఒక నిధి పెట్టింది. పేటవాళ్లు తమ పార్కునో, ఖాళీ స్థలాన్నో బాగుచేసుకుంటామని ముందుకు వస్తే నగరం గ్రాంటు ఇస్తుంది. ప్రతిగా పేటవాళ్లు తమ వాటా చూపించాలి. అది రొక్కమే కానక్కర్లేదు. దానంగా వచ్చిన సామగ్రి, నిపుణుల సేవ, ఒంటి కష్టం అన్నీ చెల్లుతాయి. శ్రమదానం చేసిన ప్రతి గంటకూ ఒక రేటు కట్టి వాటాలో జమ వేస్తారు. 1989లో లక్షన్నర డాలర్లతో గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టిన ఈ నిధి నుంచి ఇప్పటికి 5,000కు పైగా పనులకు సాయం అందింది. చెత్త పోసే చోటుగా మారిన అరోరా వంతెన కింద 1990లో వెలసిన 18 అడుగుల కాంక్రీటు భూతం విగ్రహం కూడా అందులోదే. ఇప్పుడు దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖలలో కూడా ఇలాంటి పద్ధతి రావాలని నా అభిప్రాయం. చేతులారా మొక్క నాటినవాడు దాన్ని ఎండిపోనివ్వడు. మీరేమంటారు?

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ

మనకు ఇది కొత్త కాదండీ. 1997లో జన్మభూమి మొదలైనప్పుడు ప్రజల వాటా తప్పనిసరి. డబ్బుగానో, శ్రమగానో, సామగ్రిగానో ఇవ్వాలి. కాగితం మీద చక్కటి పథకం. కానీ కాంట్రాక్టరే ప్రజల పేరిట వాటా కట్టి, ఆ సొమ్మును సిమెంటులో మిగుల్చుకున్న పనులు నేను స్వయంగా చూశాను. కొలతల పుస్తకంలో శ్రమదానం అని ఉంటుంది, పార పట్టిన మనిషి మాత్రం కనిపించడు. వాటా పెట్టమనడం తేలిక, అది ఎవరు పెట్టారో తేల్చడం కష్టం. ఆ పని చేయలేని చోట ఈ షరతు పెట్టకపోవడమే మేలు.

బస్తీ బడి టీచర్, హైదరాబాద్

నేను వాటాకు పూర్తిగా వ్యతిరేకం. అవినీతి జరుగుతుందని కాదు, సక్రమంగా జరిగినా అన్యాయమే కాబట్టి.

సియాటెల్ లెక్కనే తీసుకోండి. నిపుణుల సేవకు వారి వృత్తిలో నడిచే రేటు కడతారు. అంటే వీధిలో ఒక ఆర్కిటెక్టు ఉంటే ఆయన నాలుగు సాయంత్రాలు కూర్చుని గీసిన ప్లానుతోనే వాటాలో పెద్ద భాగం నిండిపోతుంది. మా బస్తీలో తాపీ మేస్త్రీలు ఉన్నారు, రంగులు వేసేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒకరోజు శ్రమదానం చేస్తే ఆ రోజు కూలి పోతుంది. సెలవు రోజు సరదాగా మొక్క నాటే ఉద్యోగి గంట, పొయ్యి మీదకు బియ్యం తెచ్చుకోవలసిన కూలీ గంట ఒకటెలా అవుతాయి?

అంతకన్నా నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. మా బడి పక్క కాలనీలో పార్కు ఉంది. స్థలం నగరానిది, ప్రహరీ నగరం కట్టించింది, కాలనీ సంఘం చందాలు వేసుకుని ఊయలలు, నడకదారి వేసింది. ఇప్పుడు గేటుకు తాళం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరుస్తారు. మా పిల్లలు వెళితే కాపలాదారు ఏ బ్లాకు అని అడుగుతాడు. వాళ్లమ్మలు ఆ బ్లాకుల్లోనే అంట్లు తోముతారు, ఆ మాట చెబితే లోపలికి రానివ్వరు. ఎందుకని సంఘంవాళ్లను అడిగాను. “డబ్బు పెట్టింది మేం కదా టీచర్‌గారూ” అన్నారు. వాటా పెట్టినవారికి మమకారం పుడుతుందని మీరు అంటున్నారు. నిజమే, పుడుతుంది. ఆ మమకారమే పక్కవాడి ముందు తాళం వేస్తోంది.

బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రి నగరం 1989లో బడ్జెట్‌ను ప్రజల చేతికి ఇచ్చినప్పుడు ఎవరు ఎంత తెచ్చారని చూడలేదు. ఎక్కడ వసతులు తక్కువ, ఎక్కడ జనం ఎక్కువ అని చూసింది. మనకు కావలసింది ఆ కొలత.

సియాటెల్ తెలుగువాడు

టీచర్‌గారూ, తాళం మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఇక్కడి నిబంధనలో ఒకటి ముందే చెప్పి ఉండవలసింది: గ్రాంటుతో చేసిన పని ఏదైనా అందరికీ ఉచితంగా, తెరిచి ఉండాలి. బీకన్ హిల్ మీద నగరానికి చెందిన 7 ఎకరాల స్థలంలో ఒక పళ్లతోట ఉంది, దానికీ ఈ నిధి సాయం అందింది. అక్కడ శ్రమదానం రోజున పలకకు బిగించిన కాగితం మీద పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాస్తాం. ఇంజనీరుగారు అడిగిన రుజువు అదే. అయితే కాయలు కోసుకోవడానికి ఆ కాగితంలో పేరు ఉండనవసరం లేదు. దారిన పోయేవాళ్లు కూడా కోసుకోవచ్చు. కాబట్టి తప్పు వాటాది కాదు, తాళానిది.

బస్తీ బడి టీచర్, హైదరాబాద్

మీ తోట సంగతి విని సంతోషించాను. కానీ తాళం తీయించేది ఎవరు? అక్కడ నిబంధనను నగరం అమలు చేస్తుంది కాబట్టి మీరు ధైర్యంగా చెప్పగలుగుతున్నారు. ఇక్కడ ఫిర్యాదు చేస్తే నెల రోజులు తెరుస్తారు, తర్వాత మళ్లీ వేస్తారు.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ

దీనికి ఒక దారి ఉంది. గ్రాంటు మొత్తం ఒకేసారి ఇవ్వకూడదు. మూడో వంతు ఆపి, పని పూర్తయిన ఏడాది తర్వాత గేటు తెరిచి ఉందని చూశాకే విడుదల చేయాలి. రోడ్డు పనుల్లో కాంట్రాక్టరు డిపాజిట్టును ఇలాగే ఆపుతాం. తనిఖీకి వెళ్లేవారిలో పక్క బస్తీ మనిషి ఒకరు ఉండాలి.

బస్తీ బడి టీచర్, హైదరాబాద్

ఆ తనిఖీకి నేను వస్తాను. దానితోపాటు బస్తీలకు వాటా మినహాయించి, అక్కడ పనిచేసినవారికి గ్రాంటులోంచే కూలి కట్టండి. ఈ రెండూ రాతపూర్వకంగా ఉంటే పథకానికి నా మద్దతు ఉంటుంది. ఒకటి తగ్గినా ఉండదు.